రాళ్లు గుచ్చుకోని కాళ్లు

జూన్ 6

అక్కకి,

నువ్వు పెట్టిన షరతు ప్రకారమే కాగితం, పెన్ను పట్టుకున్నాను. మొన్న ఫోన్‌లో అమ్మ కుట్టుమిషను ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మొదలుపెట్టి, నా చిన్నప్పటి చీమిడి ముక్కు దాకా వెళ్లి, టప్పున పెట్టేశావు. ఇక మీదట ఉత్తరాలే, కోపం వచ్చినా రాసేలోపు సగం చల్లారుతుంది అన్నావు. నీ కోపం తపాలాలో కూడా చల్లారదని నా అనుమానం. అయినా చూద్దాం.

ఇంతకీ విషయం ఏమిటంటే, నా మోకాళ్లు బాగుపడ్డాయి. నవ్వకు. లిఫ్టు మెకానిక్ అంటే రోజంతా లిఫ్టులో షికారు చేస్తాడనుకుంటారు అందరూ. పాడైతేనే కదా నన్ను పిలిచేది, పాడైనదాంట్లో నేనెలా ఎక్కుతాను? బతుకంతా మెట్లే. దానికి తోడు పొట్ట తగ్గించమని నీ మరదలు పోరు పెడితే పొద్దున్నే పార్కులో పరుగు మొదలుపెట్టాను. మంచి బూట్లు కొన్నాను. నెల తిరిగేసరికి మోకాళ్లు పట్టేశాయి.

అక్కడ చెప్పుల్లేకుండా పరిగెత్తే జట్టు ఒకటుంది. వాళ్లకి పెద్ద ఒక రిటైరైన సర్వేయరు. అందరం పెద్దాయన అంటాం. నా పరుగు కాసేపు చూసి, "మడమతో నేలని గుద్దుతున్నావయ్యా. అడుగున మెత్తటి దిండు ఉందని దానికి ధీమా. ఆ దెబ్బ తిన్నగా మోకాలికి పోతోంది. బూట్లు విప్పి చూడు, ఎలా దిగాలో నీ కాలే చెబుతుంది" అన్నారు. విప్పాను. నిజమే అక్కా, ఉత్త మడమతో గుద్దితే నషాళానికి అంటుతుంది. దాంతో కాలు తనంతట తనే ముందు భాగం మీద దిగడం మొదలుపెట్టింది. మొదట్లో పిక్కలు బిగుసుకుపోయి మెట్లు అడ్డంగా దిగాను. రాళ్లు గుచ్చుకుని కుయ్యో మొర్రో అన్నాను. ఇప్పుడు మోకాళ్లలో ఏ బాధా లేదు.

నీకూ మోకాళ్ల నొప్పులే కదా. షుగర్ కొంచెం ఉంది, రోజూ నడవమన్నారని నువ్వే చెప్పావు. ఆ నడిచేదేదో ఉత్త కాళ్లతో నాలుగడుగులు పరిగెత్తు. మీ లాండ్రీ వెనకాల బోలెడంత ఖాళీ స్థలం ఉంది.

మోకాళ్లు తిరిగొచ్చిన
తమ్ముడు

జూన్ 17

ఒరే లిఫ్టూ,

అక్షరాలు ఏమిట్రా అలా ఉన్నాయి, పొట్టలోంచి రాసినట్టు. అయినా రాశావు, సంతోషం. కుట్టుమిషను సంగతి మాత్రం మర్చిపోలేదు.

నీ మాట ఎన్నడూ విననిదాన్ని ఈసారి విన్నాను. ఎందుకంటావా, మా ప్రెస్సు దగ్గర పొద్దుటి నుంచి నిలబడి నిలబడి మోకాళ్లు నావి కాకుండా పోయాయి. హోటళ్ల దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పరిచి, పెడల్ తొక్కితే పైమూత దిగి ఇస్త్రీ అవుతుంది. కాలు తీస్తే మూత లేస్తుంది. నా పని అంతే, మళ్లీ పరవడం, మళ్లీ తొక్కడం. కాళ్లు ఆడకపోతే నన్ను ఆ మిషను దగ్గర ఎవడు ఉంచుతాడు? నిలబడి చేసే ఈ పని తప్ప నాకింకేం వచ్చు?

అందుకని షిఫ్టు దిగాక వెనకాల కంకరలో చెప్పులు విప్పి పరిగెత్తాను. పిక్కలు కొంచెం పట్టేసిన మాట నిజం. పాదాలకి మాత్రం ఏమీ కాలేదు. రాళ్లు గుచ్చుకున్నాయని రెండు పేజీలు ఏడ్చావే, నాకైతే ఒక్క రాయీ తెలియలేదు. దూది మీద నడిచినట్టుంది. నీవి వెన్నముద్దలురా, చిన్నప్పటి నుంచీ అంతే. ముల్లు గుచ్చుకుంటే వీధంతా పోగయ్యేది.

షుగర్ కొంచెమే. మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. మా మరదల్ని అడిగానని చెప్పు.

నీకంటే గట్టి కాళ్లున్న
అక్క

జూలై 1

గట్టి కాళ్ల అక్కకి,

నీ ఉత్తరం చదివి అసూయతో ఉడికిపోయాను. మొదటి రోజే కంకర మీద పరిగెత్తి ఏమీ తెలియలేదా? పెద్దాయనకి చెబితే, "కొందరికి పుట్టుకతో వస్తాయయ్యా అలాంటి కాళ్లు" అన్నారు. జట్టంతా నీ గురించే మాట్లాడుకున్నారు. ఇన్నాళ్లకి నీవల్ల నాకో గౌరవం వచ్చింది.

మనుషులు ఎన్ని రకాలో, కాళ్లూ అన్ని రకాలక్కా. మా జట్టులో ఒక లాయరున్నాడు. బూట్లు విప్పిన ఉత్సాహంలో మొదటి రోజే పార్కు చుట్టూ అలుపు లేకుండా తిరిగాడు. పాదం పైన సన్నటి ఎముకలో చీలిక వచ్చి, ఇప్పుడు పట్టీతో బెంచీ మీద కూర్చుని మాకు సలహాలిస్తున్నాడు. సంగీతం టీచరు ఒకావిడ ఉంది. ఆవిడ పక్కనుంచి వెళ్తే చప్పుడే వినపడదు, ఆవిడకి ఏ నొప్పీ రాలేదు. ఇంకొకాయన బూట్లు విప్పినా మడమతోనే గుద్దుతాడు. ఎంత చెప్పినా కాలు మాట వినదు. ఆయనకి మోకాళ్లు ఇంకా పాడయ్యాయి. ఇక సిస్టరమ్మ అని ఒక నర్సు ఉంది. మా మధ్యన ఆవిడొక్కతే బూట్లు విప్పదు. "నా వార్డులో కాళ్లు చూశాక నాకు ఆ ధైర్యం లేదు" అంటుంది. మేం నవ్వుతాం.

నా సంగతి అడగవు కానీ చెబుతాను. బొటనవేలి కింద తోలు లేచింది. మడమ వెనక నరం పొద్దున్నే లాగుతుంది. నిన్న ఒక మేడ మీద మోటారు గదికి చెప్పుల్లేకుండా వెళ్లి, ఎండకి కాలిన నేల మీద కోతిలా గెంతాను. వాచ్‌మన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వచ్చే నెలాఖర్న మా జట్టు పరుగు ఉంది. నిన్ను తీసుకురమ్మని పెద్దాయన మరీ మరీ చెప్పారు.

పేరుకు మాత్రమే మగవాడైన
తమ్ముడు

జూలై 12

ఒరే కోతీ,

కాలిన నేల మీద గెంతావా? అయితే విను. మా షిఫ్టు రెండింటికి అయిపోతుంది. నిన్న కంకరలో లారీ నిలబెట్టారని సిమెంటు పెరట్లో పరిగెత్తాను, నడి ఎండలో. మా వాళ్లు ఇద్దరు సరదాకి చెప్పులు విప్పి నా వెనకాల వచ్చి, రెండడుగులకే అమ్మో అని గోడ నీడకి పారిపోయారు. నాకు వేడే తెలియలేదు. నేను తిరిగొచ్చేసరికి అందరూ నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. ఇంతవరకూ నన్ను ఎవరూ అలా చూడలేదురా, నిజం చెప్పొద్దూ, బాగుంది.

ఇంకో తమాషా. మొన్న సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని ఇంటికొచ్చి చూస్తే చెప్పు ఒక కాలికే ఉంది. రెండోది ఎక్కడ జారిందో ఏమో, దారంతా ఒక చెప్పుతో నడిచొచ్చాను. కాళ్లకి చెప్పులే అక్కర్లేకుండా పోయాయని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పనిలోనే చిన్న చికాకు. రెండు దుప్పట్లు మాడ్చాను. పెడల్ మీంచి కాలు తీసేశాననే అనుకున్నాను, తీరా చూస్తే కాలు దాని మీదే ఉంది. సూపర్‌వైజరు అందరి ముందూ చెడామడా తిట్టాడు. ఇంకోసారైతే మిషను మార్చేస్తానన్నాడు. వయసు మీద పడుతోంది కదా, పరధ్యానం. అందుకని ఇప్పుడు ప్రతిసారీ వంగి, కాలు ఎక్కడుందో కళ్లతో చూసుకుని మరీ తొక్కుతున్నాను. మెడ లాగేస్తోంది.

మీ పరుగుకి వస్తాను. మీ పెద్దాయన్ని గెలుస్తాను.

ఒంటి చెప్పు
అక్క

జూలై 21

అక్కా,

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నువ్వు నిజంగానే పరిగెత్తుతున్నావా?

ఎందుకంటే నేను ఇన్నాళ్లుగా పరిగెత్తుతున్నా కాలిన సిమెంటు మీద నిలబడలేను. సంగీతం టీచరూ నిలబడలేదు, పెద్దాయనా నిలబడలేరు. నువ్వు మాత్రం నడి ఎండలో పరిగెత్తావు, ఏమీ కాలేదు, ఒక బొబ్బ లేదు, ఒక గీత లేదు. చిన్నప్పుడు చలికాలంలో నేను చన్నీళ్లు పోసుకున్నానంటే, నువ్వు మంచుగడ్డ వేసుకుని పోసుకున్నానని చెప్పేదానివి. బకెట్లో మంచుగడ్డ ఉండేది కాదని మనిద్దరికీ తెలుసు.

నన్ను గెలవాలని ఇదంతా రాస్తున్నట్టయితే, ఆ అవసరం లేదు. నువ్వు ఎప్పుడో గెలిచావు. వచ్చే నెలాఖర్న అందరి ముందూ చెప్పులు విప్పాక కుయ్యో మొర్రో అంటే నాకు తలవంపులు. రాలేకపోతే ఇప్పుడే చెప్పు, వాళ్లకి ఏదో ఒకటి సర్దిచెబుతాను.

నీ మంచి కోరే
తమ్ముడు

జూలై 29

లిఫ్టు మెకానిక్ గారికి,

తమరికి తలవంపులు తెచ్చేంత దాన్ని కాదు లెండి.

నేను అబద్ధాలకోరునా? ఇంటికి పెద్దదాన్నై పుట్టి, నీకు స్కూలు బూట్ల లేసులు కట్టి, నీ మొహం కడిగి పంపించినదాన్ని, ఇప్పుడు నాలుగడుగులు పరిగెత్తానని రాస్తే మంచుగడ్డ గుర్తొచ్చిందా? నీ ఉత్తరం అందిన రోజు నుంచి రెట్టింపు పరిగెత్తుతున్నాను. పొద్దున కంకరలో, మధ్యాహ్నం సిమెంటు మీద. ఎవరికి కావాలంటే వాళ్లని వచ్చి చూసుకోమను. నాకు నొప్పి లేదు, లేదు, లేదు. నొప్పి లేకపోవడం కూడా తప్పేనా?

నా ఖర్మకి ఈ పక్కింటి పిల్లి ఒకటి. ఏ ఎలుకని పట్టుకొచ్చి నా గదిలో ఈడుస్తుందో, మంచం దగ్గర్నుంచి వంటగట్టు దాకా గోధుమరంగు మరకలు. తుడవడం, మళ్లీ పొద్దున్నే మరకలు. నిన్న పడుకునే ముందు తలుపూ కిటికీ రెండూ బిగించాను. అయినా వచ్చింది. ఒకటే వాసన కూడా. పక్కింటావిడతో గొడవ పెట్టుకున్నాను, మా పిల్లి అలాంటిది కాదంటుంది. ఎవరూ నన్ను నమ్మరు, తమ్ముడే నమ్మనప్పుడు ఇంకెవరు నమ్ముతారు.

మీ పరుగుకి నేను రావడం లేదు. ఇక ఉత్తరాలు రాయొద్దు. ఫోన్ చేశావంటే తియ్యను.

ఇట్లు, కుట్టుమిషను న్యాయంగా ఎవరికి చెందాలో వారు

ఆగస్టు 3

అక్కా,

చదవగానే కూర్చో. ముందు కూర్చో. పాదాలు రెండూ పైకి పెట్టి, చేతి అద్దం కింద పట్టుకుని అరికాళ్లు చూసుకో. వేళ్ల మధ్య కూడా. తర్వాత మిగతాది చదువు.

పొద్దున నీ పిల్లి సంగతి పార్కులో గట్టిగా చదివాను, అందరినీ నవ్విద్దామని. అందరూ నవ్వారు. సిస్టరమ్మ లేసు కట్టుకుంటూ ఆగిపోయింది. మళ్లీ చదవమంది. తర్వాత, "మీ అక్కకి షుగర్ ఉందా?" అని అడిగింది. కొంచెం ఉందన్నాను. "ఎన్నాళ్ల నుంచి?" అంది. నాకు తెలియదక్కా. నిన్ను ఎప్పుడూ అడగలేదు. చెప్పు జారిపోతే తెలియలేదని, పెడల్ మీద కాలుందో లేదో కళ్లతో చూసుకోవాలని, వేడి తగల్లేదని నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను.

షుగర్ చాలాకాలం ఉంటే పాదాల్లో స్పర్శ చచ్చిపోతుందట. నీ కాళ్లు గట్టివి కావక్కా, వాటికి ఏమీ తెలియడం లేదు. గుచ్చుకుంటే తెలియదు, కాలితే తెలియదు, కుళ్లినా తెలియదు. మాకు రాయి తగిలితే అడుగు తేలిగ్గా వేస్తాం, పక్కకి తప్పుకుంటాం. ఆ నొప్పే మమ్మల్ని కాపాడుతోంది, నీకు అది లేదు. "ఆ పిల్లి మీ అక్క పాదమే అయ్యుంటుంది. ఇవాళే చూపించండి" అంది సిస్టరమ్మ.

అప్పటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. తియ్యడం లేదు. నువ్వు తియ్యనన్నాక తియ్యవు, నాకు తెలుసు. లాండ్రీకి చేస్తే ఆ మిషన్ల హోరులో ఎవరికీ ఏమీ వినపడలేదు. సాయంత్రం బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కొరియర్లో వేస్తున్నాను, ఏది ముందొస్తే అది. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకు. నా మీద కోపం ఉంటే ఉండనీ, తలుపు మాత్రం తియ్యి.

నిన్ను నమ్మని
తమ్ముడు

సెప్టెంబర్ 9

తమ్ముడూ,

ఇంటికి పంపించేశారు. నువ్వు కొనిచ్చి వెళ్లిన కర్ర పట్టుకుని మంచం దగ్గర్నుంచి వంటగట్టు దాకా నడుస్తున్నాను. అవే మరకలుండే దారి. పక్కింటావిడకి క్షమాపణ చెప్పాను. పిల్లికి కూడా చెప్పాను.

నీ ముందు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి, అందుకని మళ్లీ కాగితం పట్టుకున్నాను. ఆసుపత్రిలో నువ్వు మందులకి కిందికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఒక సన్నటి తీగ తెచ్చింది. కళ్లు మూసుకోండి, పాదానికి తగిలినప్పుడు చెప్పండి అంది. నాకు పరీక్షంటే భయం కదా, తప్పకూడదని గట్టిగా మూసుకున్నాను. తగిలింది, తగిలింది అని అంటూనే ఉన్నాను. కాసేపటికి ఆవిడ, "అమ్మా, కళ్లు తెరవండి" అంది. ఆవిడ చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. అసలు ముట్టుకోనే లేదు. అప్పుడు ఏడుపొచ్చిందిరా. వేళ్లు పోయినందుకు కాదు. నా కాళ్ల గురించి నేను ఇన్నాళ్లూ ఊహించుకుని చెబుతున్నానని అప్పుడు తెలిసింది.

ఎక్స్‌రేలో కనిపించిన ఆ పిన్ను ఏమిటో నీకు తెలియదు. ఏ దుప్పటి ఏ హోటల్‌దో గుర్తుకి చీటీలు గుచ్చుతాం, ఆ పిన్ను. కంకరలో రాలినవే, ఎప్పుడు దిగిందో ఏమో. దాని మీదే పరిగెత్తాను. చిటికెన వేలూ, దాని పక్కదీ పోయాయి. ఇంకొంచెం ఆలస్యమైతే చీలమండ దాకా తియ్యాల్సి వచ్చేదని డాక్టరమ్మ అంది. ఆ మాట నీకు చెప్పొద్దన్నాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నువ్వు ఆ బండి ఎక్కావు కాబట్టి.

మిషను దగ్గర ఇక నిలబడలేను. మానిపిస్తారని భయపడి చచ్చాను. సూపర్‌వైజరు వచ్చి, కుర్చీ వేయిస్తాను, చీటీలు గుచ్చే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. అంటే ఇక ఆ పిన్నులు గుచ్చేది నేనే. ఒక్కటి కూడా కింద పడనివ్వను, పడితే పని ఆపి వెతుకుతాను. పక్కవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకో విషయం. నువ్వు పరుగు మానేశావని, పార్కు వైపే వెళ్లడం లేదని మా మరదలు చెప్పింది. పరిగెత్తమన్నది నేనే కదా అని అన్నం దగ్గర కూర్చుని అంటున్నావట. ఒరే, పరిగెత్తమన్నావు, నిజమే. షుగర్ కొంచెమే అన్నది నేను. మాత్ర వేసుకుంటున్నానన్నాను కానీ గుర్తొచ్చినప్పుడే వేసుకున్నాను. నొప్పి లేదు లేదు అని గొప్పగా రాసింది నేను. నువ్వు ఏడుస్తూ రాసిన రాళ్లూ బొబ్బలూ చదివి నవ్వుకున్నాను. నాకు అప్పుడు తెలియదు, అవి ఎంత మంచివో.

నువ్వు మళ్లీ పరిగెత్తు. పరిగెత్తి నాకు రాయి. ఎక్కడ గుచ్చుకుంది, ఎంత మండింది, ఏదీ తగ్గించకుండా రాయి. నేను అవి మర్చిపోయినట్టున్నాను. నువ్వు రాస్తే గుర్తు తెచ్చుకుంటాను.

నీ
అక్క

సెప్టెంబర్ 20

అక్కా,

ఇవాళ పరిగెత్తాను. నువ్వు చెప్పావని.

రాత్రి వాన పడి నేల చల్లగా ఉంది. మొదట అరికాలు ఉలిక్కిపడింది, తర్వాత సర్దుకుంది. గేటు దగ్గర మెత్తటి మట్టి వేళ్ల సందుల్లోంచి పైకొచ్చింది, చిన్నప్పుడు మనం ఒకరి కాలు ఒకరు బురదలో తొక్కుకున్నప్పటిలా. మలుపు దగ్గర బఠాణీ గింజంత రాయి ఎడమ మడమ లోపలి వైపు తగిలింది. ముందు చురుక్కుమంది. తర్వాత ఆ చురుకు పిక్క దాకా పాకింది. నేను ఆగిపోయాను. కాలు తనంతట తనే పైకి లేచింది, నేను లేపలేదు. మెల్లిగా దింపితే ఇంకా అక్కడే నొక్కుతోంది, వేలితో పొడుస్తున్నట్టు. నిలబడి ఏడ్చాను. లాయరు తన బెంచీ మీంచి, ఎముక విరిగిందా అని అరిచాడు. లేదు, బాగానే ఉందన్నాను.

ఆ రాయి తీసి జేబులో వేసుకున్నాను, నీకు పంపిద్దామని. మళ్లీ భయమేసి పారేశాను. నీ గదిలో రాయి ఉండకూడదు.

సిస్టరమ్మ నీకు బూట్ల కొలతలు రాసిచ్చింది. లోపల కుట్టు తగలకూడదట, వేళ్ల దగ్గర వెడల్పుండాలట. చేయించి పంపుతున్నాను. తొడుక్కునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి చూడు. కుట్టుమిషను కూడా రేపు బండికి ఎక్కిస్తున్నాను. అది చేత్తో తిప్పేదే, కాలితో పని లేదు.

ఒక్క షరతు. ఇక ఉత్తరాల మీద ఆధారపడను. నువ్వు రాసింది చదివి నీ గొంతు ఎలా ఉందో నేను ఊహించుకున్నాను, నువ్వు నీ కాళ్ల గురించి ఊహించుకున్నట్టే. ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను, ఆ తర్వాత రోజూ చేస్తాను. అద్దం పక్కన పెట్టుకుని కూర్చో. అరికాలు చూసుకుంటూ ఏం కనిపిస్తోందో నాకు చెప్పు, ఎర్రగా ఉంటే ఎర్రగా ఉందను, ఏమీ లేకపోతే ఇంకోసారి చూడు. చూశాక కావాలంటే పోట్లాడుకుందాం.

తమ్ముడు